కరెంటును ఆపే వస్తువుల చరిత్ర: శివసముద్రం నుంచి బంగారు గనుల దాకా

కోలారు బంగారు గనుల చరిత్ర అనగానే అందరమూ బంగారం గురించే మాట్లాడుకుంటాం. ఎంత లోతు తవ్వారు, ఎంత బంగారం తీశారు, ఏ కంపెనీ తీసింది అని చెప్పుకుంటాం. ఆ తర్వాత కరెంటు గురించి చెబుతాం. మన జిల్లా గనులకు కావేరి నది నుంచి కరెంటు వచ్చిందని చిన్నప్పటి నుంచి వింటా ఉంటాం. కానీ ఆ కరెంటు దారిలో నేలలోకి పోకుండా, మనుషుల ఒంట్లోకి పోకుండా ఆపిన వస్తువులు ఏవి? అవి బాగున్నాయో పాడయ్యాయో ఎట్లా తెలుసుకున్నారు? ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. రాగి తీగకు ఉన్న పేరు దాన్ని పట్టుకున్న పింగాణీ కప్పుకు లేదు. ఈ వ్యాసంలో ఆ కప్పు గురించి, కాగితం గురించి, అభ్రకం గురించి, వాటిని కొలిచే విద్య ఎట్లా పుట్టిందో దాని గురించి రాస్తున్నాను.

1902 జూన్ 30

బంగారు గనుల్లో పని 1880లలో పెద్ద ఎత్తున మొదలయింది. జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు కంపెనీ ఆధ్వర్యంలో మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు నడిచాయి. మొదట్లో యంత్రాలన్నీ ఆవిరితో నడిచేవి. ఆవిరికి కట్టెలు కావాలి, బొగ్గు కావాలి. మన జిల్లాలో బొగ్గు లేదు. ఏడాది పొడవునా పారే నది కూడా లేదు. బయటి నుంచి తెచ్చే బొగ్గుకు ఖర్చు చాలా ఎక్కువ.

అప్పుడు మైసూరు సంస్థానంలో దివాను కె. శేషాద్రి అయ్యరు. ఇంజనీరింగ్ శాఖలో పెద్ద అధికారి మేజర్ జోలీ డి లోట్బినియర్. ఆయన కెనడాలో పుట్టినవాడు. కావేరి శివసముద్రం దగ్గర రెండు పాయలుగా చీలి ఎత్తు నుంచి కిందికి పడుతుంది. ఆ నీటి బలంతో కరెంటు తయారు చేసి గనులకు పంపిస్తే ఎట్లుంటుంది అని ఆలోచన చేశారు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కరెంటు యంత్రాలు ఇచ్చింది. స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కంపెనీ నీటి చక్రాలు ఇచ్చింది. 1902 జూన్ 30న శివసముద్రం కరెంటు గనులకు చేరింది. మొదట పంపిన బలం సుమారు 4,000 హార్స్‌పవర్. దారి పొడవు 92 మైళ్లు, అంటే సుమారు 148 కిలోమీటర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే చాలా పొడవైన లైన్లలో ఇది ఒకటి. ఇంత పని తలపెట్టిన శేషాద్రి అయ్యరు మాత్రం దాన్ని చూడలేదు. ఆయన 1901లోనే కన్నుమూశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆసియాలో టోక్యో తర్వాత కరెంటు వచ్చిన రెండో ఊరు కె.జి.ఎఫ్. అని మన దగ్గర చాలామంది అంటా ఉంటారు. అది సరి కాదు. డార్జిలింగులో 1897లోనే చిన్న నీటి విద్యుత్ కేంద్రం మొదలయింది. కలకత్తాలో 1899లో కరెంటు సరఫరా మొదలయింది. మన గొప్ప వేరే ఉంది. కరెంటును 148 కిలోమీటర్లు, అంత ఎక్కువ వోల్టేజీలో, 1902లోనే నడిపించటం మన గొప్ప. లేని గొప్ప చెప్పుకుంటే ఉన్న గొప్ప మరుగున పడిపోతుంది.

35,000 వోల్టులు ఎందుకు?

శివసముద్రం జనరేటర్లలో పుట్టిన కరెంటు 2,200 వోల్టులు. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్లతో సుమారు 35,000 వోల్టులకు పెంచి పంపించారు. ఎందుకు పెంచాలి? మన పదో తరగతి పాఠంలోనే దీనికి జవాబు ఉంది. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీని 16 రెట్లు పెంచితే అదే పనికి కరెంటు 16వ వంతు చాలు. అప్పుడు అదే తీగలో వృథా సుమారు 250 రెట్లు తగ్గుతుంది. 2,200 వోల్టులతోనే పంపించి ఉంటే కరెంటు గనులకు చేరకముందే దారిలో తీగలను వేడి చేసి అయిపోయేది.

కానీ వోల్టేజీ పెరిగే కొద్దీ కరెంటు తప్పించుకోవాలని చూస్తుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ నేలలోకి దిగుతుంది. దాన్ని ఆపేది స్తంభం మీది ఇన్సులేటరు ఒక్కటే. ఇప్పుడు మనం పెద్ద టవర్ల మీద చూసే, పళ్లేల దండ మాదిరి వేలాడే ఇన్సులేటర్లు 1907 ప్రాంతంలో అమెరికాలో వచ్చాయి. 1902లో అవి లేవు. అప్పుడు ఉన్నవి పిన్ రకం. స్తంభం అడ్డకమ్మి మీద ఒక పుల్ల, దాని మీద గొడుగు మాదిరి బోర్లించిన కప్పు, కప్పు తల మీద తీగ. గొడుగు ఆకారం అందానికి కాదు. వాన పడినా లోపలి అంచు పొడిగా ఉండాలని అట్లా చేశారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నిజంగా కొలిచిన అంకెలు కావు, అర్థం కావటానికి నేను అనుకున్నవి. లైనులో 3,000 స్తంభాలు ఉన్నాయనుకోండి. ఒక్కో తీగకు ఒక్కో స్తంభం మీద ఒక కప్పు. పొడిగా, శుభ్రంగా ఉన్న కప్పు నిరోధం 1,000 మెగా ఓంలు అనుకోండి. మెగా ఓం అంటే పది లక్షల ఓంలు. 1,000 మెగా ఓంలు అంటే కరెంటు అసలు పోదు అనిపిస్తుంది. కానీ 3,000 కప్పులు సమాంతర సంధానంలో ఉన్నాయి. కాబట్టి మొత్తం నిరోధం 1,000ని 3,000తో భాగిస్తే వచ్చేది, అంటే ఒక మెగా ఓంలో మూడో వంతు. తీగకు, నేలకు మధ్య సుమారు 20,000 వోల్టులు ఉంటే కారిపోయే కరెంటు 0.06 ఆంపియర్లు. వృథా 1,200 వాట్లు. ఇది పెద్ద లెక్క కాదు.

ఇప్పుడు కప్పుల మీద దుమ్ము పట్టింది, పైన మంచు కురిసింది అనుకోండి. ఒక్కో కప్పు నిరోధం 10 మెగా ఓంలకు పడింది. అప్పుడు ఒక తీగ నుంచి కారే కరెంటు 6 ఆంపియర్లు, వృథా 120 కిలోవాట్లు. మూడు తీగలకు 360 కిలోవాట్లు. ఒక్క కప్పును చూస్తే పర్వాలేదనిపిస్తుంది, లైను మొత్తం చూస్తే ఒక మిల్లును నడిపే శక్తి నేలపాలు! అందులో ఒక్క కప్పు పగిలినా లైను మొత్తం ఆగిపోతుంది. లైను ఆగితే గనిలో పని ఆగుతుంది. అందుకే కప్పును చూసి బాగుంది అనటం చాలదు, కొలిచి బాగుంది అనాలి.

కొలత ఎట్లా పుట్టింది?

ఈ విద్య ఒక్క రోజులో రాలేదు. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనే ఆయన విద్యుత్తును దారం మీదుగా పంపించి చూశాడు. దారాన్ని పట్టు నూలుతో వేలాడదీస్తే విద్యుత్తు చివరి దాకా పోయింది, లోహపు తీగతో వేలాడదీస్తే పోలేదు. అంటే కొన్ని వస్తువులు విద్యుత్తును దాటనిస్తాయి, కొన్ని దాటనివ్వవు. వాహకం, బంధకం అనే తేడా అక్కడి నుంచి తెలిసింది.

తర్వాత 1837లో మైకేల్ ఫారడే ఇంకో అడుగు వేశాడు. ఒక లోహపు గోళం లోపల ఇంకో గోళం పెట్టి, మధ్య సందులో గాలి ఉన్నప్పుడు ఎంత ఆవేశం పడుతుందో చూశాడు. ఆ సందులో లక్క, గంధకం, గాజు పెట్టి మళ్లీ చూశాడు. గాలి కంటే వీటితో ఎక్కువ ఆవేశం పట్టింది. అంటే బంధకం ఊరికే గోడ మాదిరి నిలబడి లేదు, లోపల దానికీ ఒక పని ఉంది. విద్యుత్ బలానికి దాని అణువులు కొంచెం సాగుతాయి, కొంచెం తిరుగుతాయి. అట్లాంటి వస్తువును రోధకం అంటారు. గాలి కంటే ఎన్ని రెట్లు ఎక్కువ ఆవేశం పడుతుందో ఆ అంకెను రోధక స్థిరాంకం అంటారు. గాలికి ఇది దాదాపు 1. ట్రాన్స్‌ఫార్మరు నూనెకు సుమారు 2.2. పింగాణీకి, అభ్రకానికి 5 నుంచి 7 దాకా. నీటికి మాత్రం సుమారు 80. ఈ చివరి అంకెను గుర్తు పెట్టుకోండి, ముందు పనికి వస్తుంది.

కొలవకపోతే ఏమవుతుందో 1858లో ప్రపంచం చూసింది. అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబులు వేశారు. తీగ చుట్టూ గట్టాపర్చా అనే చెట్టు పాల బంక. సంకేతాలు సరిగా రావటం లేదని వైట్‌హౌస్ అనే అధికారి సుమారు 2,000 వోల్టులు పెట్టాడు. ముందే బలహీనంగా ఉన్న బంధకం పాడయింది. మూడు వారాల్లో కేబులు మూగబోయింది. అప్పటి నుంచి కేబులును సముద్రంలోకి దించే ముందు నీళ్లలో పెట్టి ప్రతి మైలుకు బంధకం నిరోధం కొలవటం ఆచారమయింది. ఈ పనిలో విలియం థామ్సన్ పేరు ముఖ్యం. కెల్విన్ ప్రభువు అని పాఠంలో చదివేది ఆయన గురించే.

చేతితో తిప్పే పెట్టె

ప్రయోగశాలలో కొలవటం ఒకటి, గనిలో, స్తంభం కింద నిలబడి కొలవటం ఇంకొకటి. 1889లో ఇంగ్లండులో సిడ్నీ ఎవర్‌షెడ్ చేతితో పట్టుకుపోయే బంధక పరీక్ష యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1903లో దానికి మెగ్గరు అనే పేరు రిజిస్టరయింది. మెగా ఓంలను కొలిచేది కాబట్టి ఆ పేరు. మన దగ్గర కూడా ఎలక్ట్రీషియన్లందరూ ఇప్పటికీ మెగ్గరు అనే అంటారు.

పాత మెగ్గరు ఒక చెక్క పెట్టె. పక్కన పిడి ఉంటుంది. పిడి తిప్పితే లోపలి చిన్న డైనమో 500 వోల్టుల దాకా డీసీ పుట్టిస్తుంది. ఒక తీగను మోటరు చుట్టకు, ఇంకో తీగను మోటరు బాడీకి తగిలిస్తారు. ముల్లు ఎన్ని మెగా ఓంలు అని చూపిస్తుంది. అంతే. చదువు తక్కువైనా చేయి తిరిగిన ఫిట్టరు దీన్ని వాడగలడు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. పిడి తిప్పటం మొదలు పెట్టగానే ముల్లు ఒక అంకె చూపిస్తుంది, తిప్పుతా ఉంటే నెమ్మదిగా పైకి పోతుంది. ఎందుకంటే బంధకంలోకి పోయే కరెంటు మూడు రకాలు. మొదటిది చుట్టకు ఆవేశం పట్టటానికి పోయే కరెంటు, అది వెంటనే అయిపోతుంది. రెండోది అణువులు తిరగటానికి తీసుకునే కరెంటు, అది నిమిషాల మీద తగ్గుతుంది. మూడోది నిజంగా కారిపోయే కరెంటు, అది తగ్గదు. కాబట్టి 1 నిమిషం దగ్గర ఒక అంకె, 10 నిమిషాల దగ్గర ఒక అంకె రాసుకుంటారు. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే 2 లేక అంతకంటే ఎక్కువ వస్తే చుట్ట పొడిగా బాగుందని అర్థం. 1 దగ్గర ఆగిపోతే తేమ పట్టిందని అర్థం, ఎందుకంటే అప్పుడు కారిపోయే కరెంటే మిగతా రెండింటినీ మింగేస్తుంది.

నెమ్మదిగా అడిగితేనే నిజం చెబుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఆవర్తనం చేస్తుంది. కానీ శివసముద్రం కరెంటు పౌనఃపున్యం 25 మాత్రమే. అమెరికాలో నయాగరా జలపాతం దగ్గర 1895లో మొదలైన కేంద్రంలో కూడా 25 పెట్టారు. పెద్ద పెద్ద మోటర్లకు ఆ కాలంలో అది అనుకూలం. దీపాలకు మాత్రం బాగుండదు, కన్నుకు మినుకుమినుకుమని తెలుస్తుంది. తర్వాత మన దేశమంతా 50కి స్థిరపడింది.

పౌనఃపున్యం తక్కువ అయితే బంధకంలో ఏం మారుతుంది? గొర్రెల మందను ఉదాహరణగా తీసుకుంటాను. మందను ఒక పక్కకు తోలి, వెంటనే ఇంకో పక్కకు, మళ్లీ వెంటనే ఈ పక్కకు తోలితే గొర్రెలు ఉన్నచోటనే తిరుగుతాయి, ఎక్కడికీ పోవు. నెమ్మదిగా తోలితే చేను చివరి దాకా పోతాయి. బంధకంలో తేమ ఉంటే అందులో ఉప్పు కణాలు, మలినాలు ఆవేశాన్ని మోస్తా ఉంటాయి. ఏసీ దిక్కు వేగంగా మారితే వాటికి సమయం చాలదు. నెమ్మదిగా మారితే చాలా దూరం పోయి వస్తాయి. కాబట్టి తేమ దోషం ఎక్కువ పౌనఃపున్యంలో దాక్కుంటుంది, తక్కువ పౌనఃపున్యంలో బయట పడుతుంది. డీసీ అంటే పౌనఃపున్యం సున్నా. మెగ్గరు చేసేది ఆ సున్నా దగ్గరి పరీక్షే.

దీనికి ఒక అంకె ఉంది. దాన్ని టాన్ డెల్టా అంటారు, మన మాటల్లో నష్ట గుణకం అనుకోవచ్చు. బంధకంలోకి పోయే ఏసీ కరెంటులో ఎక్కువ భాగం ఒకసారి లోపలికి పోయి మళ్లీ వెనక్కి వస్తుంది, అది నష్టం కాదు. కొంచెం భాగం మాత్రం వేడిగా మారిపోతుంది. వేడిగా మారిన భాగాన్ని తిరిగి వచ్చే భాగంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. మంచి అభ్రకానికి ఇది వెయ్యో వంతు కంటే తక్కువ. తడిసిన కాగితానికి పదో వంతు కూడా దాటవచ్చు. పౌనఃపున్యం సగం చేస్తే తిరిగి వచ్చే కరెంటు సగమవుతుంది, కారిపోయే కరెంటు మాత్రం అట్లే ఉంటుంది. కాబట్టి కారుడు దోషం ఉంటే నష్ట గుణకం రెట్టింపు కనిపిస్తుంది. 50 దగ్గర ఒకసారి, 25 దగ్గర ఒకసారి కొలిస్తే నష్టం కారుడు వల్లనా, అణువుల రాపిడి వల్లనా అని విడదీసి చెప్పవచ్చు.

ఇంత చిన్న అంకెను కొలవటం కష్టం. 1891లో జర్మనీలో మాక్స్ వీన్ ఏసీతో కెపాసిటర్లను కొలిచే బ్రిడ్జి తయారు చేశాడు. 1920లో బెర్లిన్‌లో హెరాల్డ్ షెరింగ్ దాన్ని ఎక్కువ వోల్టేజీకి సరిపోయేట్టు చేశాడు. దీన్ని త్రాసుతో పోల్చవచ్చు. ఒక పక్క మనం పరీక్షించే వస్తువు, ఇంకో పక్క నష్టం లేని గాలి కెపాసిటరు. ఎక్కువ వోల్టేజీ అంతా ఆ రెండింటి మీదే పడుతుంది. మనిషి చెయ్యి పెట్టి తిప్పే భాగం నేల పక్కన తక్కువ వోల్టేజీలో ఉంటుంది. మధ్యలో ముల్లు సున్నాకు వచ్చిందంటే త్రాసు సమంగా ఉందని అర్థం. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఒక నిరోధాన్ని 3,183 ఓంలు పెట్టుకుంటే 50 పౌనఃపున్యం దగ్గర లెక్క వేయాల్సిన పనే లేదు. పక్కనున్న కెపాసిటరు మైక్రో ఫారడులలో చూపించే అంకే నష్ట గుణకం! శివసముద్రం వారి 25 పౌనఃపున్యానికి అయితే ఆ నిరోధం రెట్టింపు, అంటే 6,366 ఓంలు కావాలి.

ఈ రోజుల్లో పొడుగు కేబుళ్లను ఇంకా నెమ్మదిగా, సెకనుకు 0.1 ఆవర్తనంతో, అంటే 10 సెకన్లకు ఒక ఆవర్తనంతో పరీక్ష చేస్తారు. కారణం లెక్కలో ఉంది. 1 మైక్రో ఫారడు కేబులుకు 10,000 వోల్టులు 50 పౌనఃపున్యంలో పెడితే 3.14 ఆంపియర్లు కావాలి, అంటే లారీ మీద మోసుకుపోయే యంత్రం కావాలి. 0.1 దగ్గర అయితే దానిలో 500వ వంతు చాలు. ఒక చిన్న బల్బుకు పట్టేంత శక్తితో పని అయిపోతుంది.

గని లోపల

పైన స్తంభం మీది కప్పుకు ఎండా వానా శత్రువులు. గని లోపల బంధకానికి వేడి, నీరు శత్రువులు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. అక్కడ రాతి వేడి సుమారు 65 డిగ్రీలు. సాధారణంగా 10 డిగ్రీల వేడి పెరిగితే బంధకం నిరోధం సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. పైన 25 డిగ్రీల దగ్గర బాగున్న చుట్ట 65 డిగ్రీల దగ్గర 16వ వంతుకు పడుతుంది. అంటే పైన చేసిన పరీక్షను నమ్ముకుని కిందికి దించితే మోసపోతాం.

దానికి తోడు ఊట నీరు. నీటి రోధక స్థిరాంకం 80 అని ముందు చెప్పాను. కాగితంలోకి, నూలు గుడ్డలోకి నీరు చేరితే దాని గుణమే మారిపోతుంది. కరెంటు పంపు ఆగితే గనిలో నీళ్లు నిండుతాయి, గాలి యంత్రం ఆగితే ఊపిరి ఆడదు. బంధకం చెడి మోటరు బాడీకి కరెంటు వస్తే దాన్ని ముట్టుకునేది చెమటతో తడిసిన చేతులు, నీళ్లలో నానిన కాళ్లు. పొడి చర్మం కరెంటును కొంత ఆపుతుంది, తడి చర్మం ఆపదు. కాబట్టి గనిలో మెగ్గరు ముల్లు చూపించే అంకె ఒక మనిషి ప్రాణం లెక్క. ఆ గనుల్లోకి చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి తెలుగువాళ్లు, తమిళ జిల్లాల నుంచి తమిళులు వేలాదిగా వచ్చి పని చేశారు. వాళ్లలో ఎంతమందికి ఈ అంకె గురించి తెలుసో చెప్పలేం, కానీ వాళ్లందరి ప్రాణాలూ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి.

మన నేల ఇచ్చినవి

ఈ కథలో మన తెలుగు నేలకూ భాగం ఉంది. ఆ కాలపు జనరేటర్లలో, మోటర్లలో వేడికి తట్టుకునే బంధకం అంటే అభ్రకమే. దాన్ని పల్చని పొరలుగా విడదీసి, లక్కతో అతికించి రేకులు చేసేవారు. ప్రపంచానికి అభ్రకం ఎక్కువగా పంపింది మన దేశమే. ఒకటి ఇప్పటి జార్ఖండులోని కోడెర్మా ప్రాంతం, రెండోది నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం, పొదలకూరు వైపు. నెల్లూరు అభ్రకానికి పచ్చ ఛాయ ఉంటుంది. పొరలు విడదీసే పని ఎక్కువగా ఆడవాళ్లు చేశారు. యంత్రం చేయలేని పనిని వాళ్ల వేళ్లు చేశాయి. లక్క కూడా మన దేశపు చెట్ల మీది పురుగు ఇచ్చేదే. ఫారడే తన గోళంలో పెట్టింది, మన అమ్మమ్మలు గాజుల్లో చూసింది ఒకే వస్తువు.

పింగాణీ కూడా తర్వాత మన దగ్గరే తయారయింది. మైసూరు ప్రభుత్వం 1930లలో బెంగళూరులో పింగాణీ ఫ్యాక్టరీ నడిపింది, కరెంటు లైన్లకు కావలసిన ఇన్సులేటర్లు అక్కడ చేశారు. 1960లో బెంగళూరులోనే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ ఏర్పడింది. కప్పులు, కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడ పరీక్ష చేస్తారు. ఒకప్పుడు సముద్రం దాటి రావలసిన వస్తువును మనమే చేసి, మనమే కొలిచే స్థితికి వచ్చాం.

ఇప్పుడు బోరుబావిలో

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. కానీ ఈ విద్య మన తాలూకాలో ఆగిపోలేదు. ముళబాగిలు చుట్టూ ఏ ఊరికైనా పోండి, బోరుబావులు వెయ్యి అడుగులు దాటి ఉంటాయి. అంత లోతులో మోటరు నీళ్లలోనే మునిగి ఉంటుంది. దాని రాగి తీగ మీద ప్లాస్టిక్ పొర చుట్టి ఉంటుంది, ఆ పొరకు ఇటు పక్క కరెంటు, అటు పక్క నీరు. గోరు మందం కూడా లేని ఆ పొర మీదే రైతు పంట ఆధారపడి ఉంది. మోటరు పైకి తీసినప్పుడు మెకానిక్కు మెగ్గరు పెట్టి చూస్తాడు. కనీసం 1 మెగా ఓం అయినా చూపించకపోతే మళ్లీ దించకూడదు. వైండింగు షాపులో కొత్త తీగను నీళ్ల తొట్టిలో ముంచి పరీక్ష చేస్తారు. 1858 తర్వాత సముద్రపు కేబుళ్లకు చేసిన పరీక్షే ఇది. కానీ చాలాచోట్ల తొందరలో ఈ పరీక్ష చేయరు, మోటరు తిరిగితే చాలు అని దించేస్తారు. నెల తిరగకుండా కాలిపోతే మళ్లీ పైకి తీసే ఖర్చు, మళ్లీ వైండింగు ఖర్చు, ఈలోగా టమోటా తోట ఎండిపోతుంది. పది నిమిషాల కొలత మిగిల్చేది ఒక పంట.

మనం చేయవలసింది

చరిత్రలో దివానుల పేర్లు, కంపెనీల పేర్లు, టన్నుల లెక్కలు మిగిలాయి. గనిలో ప్రతి షిఫ్టులో మెగ్గరు పిడి తిప్పి అంకె రాసుకున్న ఫిట్టర్ల పేర్లు మిగల్లేదు. ప్రమాదం జరిగితే అందరికీ తెలుస్తుంది. వాళ్లు కొలిచినందువల్ల జరగకుండా పోయిన ప్రమాదాలు ఎవరికీ తెలియవు. బంధకం పనీ అంతే, అది పని చేస్తున్నంత కాలం ఏమీ జరగదు, అందుకే ఎవరూ దాన్ని చూడరు.

గనుల్లో కరెంటు పని చేసిన పెద్దవాళ్లు కొందరు ఇంకా మన జిల్లాలో ఉన్నారు. వాళ్ల దగ్గర పాత రిజిస్టర్లు ఉండవచ్చు, లేకపోయినా జ్ఞాపకాలు ఉంటాయి. ఏ మోటరు ఎన్ని మెగా ఓంలు చూపిస్తే ఆపేవాళ్లు, వానాకాలంలో చుట్టలను ఎట్లా ఎండబెట్టేవాళ్లు, పై అధికారి నడపమన్నా అంకె చూసి వద్దన్న రోజులు ఉన్నాయా అని మనం అడిగి రాసుకోవాలి. వాళ్లు తెలుగులో చెబుతారు, తమిళంలో చెబుతారు, కన్నడలో చెబుతారు. మన జిల్లా పిల్లలకు మూడూ అర్థమవుతాయి కాబట్టి ఈ పని మనకంటే బాగా చేయగలవాళ్లు లేరు. మన ఇళ్లలో కూడా వానాకాలానికి ముందు మోటరుకు, వైరింగుకు ఒకసారి మెగ్గరు పెట్టించాలి. వచ్చిన అంకెను తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి. మరుసటి ఏడు అంకె ఎంత పడిందో చూస్తేనే మోటరు ఎట్లుందో తెలుస్తుంది, ఒక్క అంకెతో ఏమీ తెలియదు.